మామ పంపిన బ్యాటరీ

తిప్పనపల్లె,
12 జూన్ 2024

మామా,

అమ్మా నేనూ బాగున్నాం. వాన తప్ప అన్నీ ఉన్నాయి. నువ్వు చెవికి కొత్త మిషను కొన్నావని అత్త చెప్పింది. అది నీ చెవిలో కాక పెట్టెలోనే ఉంటుందని నాకు తెలుసు. ఫోనులో అరిస్తే మా వీధంతా వింటోంది, నీకు తప్ప. అందుకే కాగితం తీశాను. అమ్మకు నువ్వు రాసే ఉత్తరాలు చదివి వినిపించే కదా నేను తెలుగు నేర్చుకున్నాను.

మంచి కబురు. ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రి బిల్లులు చూసి కంప్యూటరులో ఎక్కించే పని, ఇంట్లో కూర్చుని చేయాలి. కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఇలాంటి పని దొరికింది నాకొక్కదానికే అనుకుంటా. నాయన పోయాక నా డిగ్రీ నీ చేతుల మీద నడిచింది, పని కూడా నువ్వు కొనిచ్చిన లాప్‌టాప్ మీదే నడవబోతోంది. మూడు నెలలు పరీక్ష. సెప్టెంబరు మొదటి వారం దాటితే ఖాయం.

ఒకటే చిక్కు. పని వేళలో అరగంట దాటి కనబడకపోతే పేరు పక్కన గీత పెడతారు. మూడు గీతలు పడితే ఇంటికి పంపిస్తారు. ఇంట్లోనే ఉన్నదాన్ని ఎక్కడికి పంపుతారో మరి.

లాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయిన మరుక్షణం తెర నల్లబడుతుంది. మా కరెంటు సంగతి నీకు తెలుసు. గుట్టమీద గాలిమరలు తిరుగుతూనే ఉంటాయి, కింద మాకు రోజుకు నాలుగుసార్లు పోతుంది. ఎక్కువసార్లు పది నిమిషాల్లో వస్తుంది, ఎప్పుడైనా గంట దాటుతుంది. ఛార్జరు తీగ పిన్ను దగ్గర పగిలింది, పక్కకు వంచి పట్టుకుంటేనే పని చేస్తోంది. బ్యాటరీ వెనకున్న నంబరు వేరే చీటీ మీద రాసి పెట్టాను. త్వరగా పంపు.

ఇంకో మాట. మీ ప్రణీత్ బావకు నన్నిచ్చే సంగతి అమ్మ రోజూ ఎత్తుతోంది. నేను పుట్టిన రోజే అన్నాచెల్లెళ్లు మీరిద్దరూ అనుకున్న మాట అంటుంది. ఉద్యోగం ఖాయం కానివ్వు మామా, అప్పుడు ఆ సంగతి నేనే నీతో మాట్లాడతాను. అంతవరకు ఎవరూ ఆ మాట ఎత్తకుండా చూడు.

నీ మేనకోడలు,
సుష్మ

బెంగళూరు,
18 జూన్ 2024

పాపా సుష్మా,

నీ ఉత్తరం అంగడిలో అందరికీ చూపించాను. తెలుగు చదవడం రానివాళ్లకు కూడా చూపించాను. ఉత్తరం రాయడం నాకేం కొత్త కాదు, మా కంప్యూటరు రిపేరు అంగడిలో చీటీ లేకుండా ఒక్క పీసు కదలదు. చెవి మిషను పెట్టుకుంటే ఈ వీధిలోని ఆటోలన్నీ నా తలలోకి దూరతాయి. తీసి పెట్టెలో పెట్టింది నిజమే. అత్తకు చెప్పకు.

బ్యాటరీ కళ్యాణదుర్గం బస్సు పార్సిల్లో వేశాను. మీ అమ్మను బస్టాండుకు పంపి తీసుకో. ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. తప్పు పీసు ఇచ్చాడని ఓబులేసు దగ్గరికి ఒక్కడూ తిరిగి రాలేదు. మీ ఊళ్లో అడిగినవాళ్లకు ఆ మాట కూడా చెప్పు. ఛార్జరు మంచిది దొరకగానే పంపుతాను.

పెళ్లి మాట ఎత్తనులే. ప్రణీత్‌కు ముప్పై ఒకటి వచ్చాయి, ఇన్నాళ్లు ఆగినవాడు మూడు నెలలు ఆగలేడా? అంగడిలో కూర్చోమంటే బయటికి పోతాడు, ఎక్కడికి పోయావంటే చెప్పడు. ఐదు సంబంధాలు చూశాం. అంగడి పెట్టుకున్నవాడు వద్దట, ఆడపిల్లలందరికీ ఆఫీసులో కూర్చునేవాడే కావాలట. ఎత్తనని చెప్పి ఎత్తుతున్నాను చూడు. ఆపేస్తున్నాను.

మీ అమ్మ కంటిలో శుక్లం ముదిరిందని అత్తతో అన్నావట. ఇక్కడ ఆపరేషను చేయిద్దాం, పంపించు.

మామ,
ఓబులేసు

తిప్పనపల్లె,
27 జూన్ 2024

మామా,

ఇరవై ఆరేళ్లలో తిరిగి వచ్చిన మొదటి గిరాకీని నేనే. నువ్వు పంపిన బ్యాటరీ ఒక మూల కూర్చుంటే ఇంకో మూల లేస్తోంది. మంచం మీద మా తాత పడుకున్నట్టే ఉంది. నంబరు చూశాను, చివరి అంకెలు వేరే ఉన్నాయి. నేను రాసిన చీటీ నీ దగ్గరే ఉంటుంది కదా, ఒకసారి చూడు. తప్పు నాదైతే ఒప్పుకుంటాను.

నవ్వుతూ రాస్తున్నాను కానీ సోమవారం మొదటి గీత పడింది. ట్రాన్స్‌ఫార్మరు కాలి రెండు గంటలు కరెంటు లేదు. మా పైన ఉండే మేడమ్ మంచిదే. ఇంట్లో ఇన్వర్టరు లేదా అని అడిగింది. లేదండీ, బ్యాటరీ వస్తోంది అని చెప్పాను. సరే, ఇంకో రెండే మిగిలాయి, జాగ్రత్త అంది.

అమ్మ రెండో తేదీ బస్సెక్కుతుంది. పాత బ్యాటరీనే రవిక గుడ్డలో చుట్టి తన సంచిలో పెడుతున్నాను. నంబర్లు వద్దు, చీటీలు వద్దు, పీసు మీద పీసు పెట్టి చూసి ఇవ్వు. కంటి ఆపరేషను అంటే అమ్మకు భయం, బయటికి చెప్పదు. దగ్గర కూర్చోబెట్టుకో. నీ పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుంది.

సుష్మ

బెంగళూరు,
7 జూలై 2024

సుష్మకు,

మీ అమ్మ కన్ను బాగైంది. చుక్కలు నెల రోజులు వేయాలి, తలకు నీళ్లు పోసుకోకూడదు. డాక్టరు అన్నీ రాసిచ్చాడు, నువ్వు చదివి చెప్పు.

నాలుగు రోజులూ అంగడిలోనే నా పక్కన కూర్చుంది. చిన్నప్పటి సంగతులు చాలా మాట్లాడుకున్నాం. అంటే ఆమె మాట్లాడింది, నేను మిషను పెట్టుకుని విన్నాను.

బ్యాటరీ మీ అమ్మ చేతికిచ్చాను. పాతదాని మీద పెట్టి చూశాను, సరిగ్గా కూర్చుంటుంది. ఒళ్లో పెట్టుకుని తెస్తానంది.

అంగడిలో పని ఎక్కువగా ఉంది. ఇంతకన్నా రాయలేను.

మామ

తిప్పనపల్లె,
15 జూలై 2024

మామా,

బ్యాటరీ టక్కుమని కూర్చుంది. ఆ చప్పుడు విని అమ్మ కూడా తలెత్తి చూసింది. కానీ ఛార్జింగు ఎక్కడం లేదు. సాయంత్రం దాకా తీగ పెట్టి ఉంచినా సున్నా దగ్గరే ఉంది. కొత్త పీసు ఇలా ఎందుకు చేస్తుంది? నా తీగ పగిలినందుకా? నేను పెట్టడంలో ఏదైనా పొరపాటు చేశానా? రాయి.

గురువారం రెండో గీత పడింది. గాలికి తీగలు తెగాయట. ఉన్నట్టుండి తెర నల్లబడింది. పరుగెత్తి పక్క వీధిలో జోయల్ వాళ్ల ఇంట్లో కరెంటు ఉందేమో చూశాను, ఊరంతా లేదు. తిరిగి వచ్చేసరికి అమ్మ తాపీగా చెనిక్కాయలు వలుస్తోంది. "పోతే పోనీలే మ్మే. కరెంటు యాడికి పోతాది, వస్తాదిలే" అంది. నాకు ఒళ్లు మండింది. కంటికి చుక్కలు వేసే వేళ అయింది, సీసా తీశాను.

కన్ను బాగైనప్పటి నుంచి అమ్మ ఎందుకో నా మీద ప్రేమగా ఉంది. పని చేస్తుంటే మజ్జిగ తెచ్చిస్తుంది, పక్కనే కూర్చుంటుంది. తెర వైపు చూస్తుంది, గోడ గడియారం వైపు చూస్తుంది.

ఇక ఒక్క గీతే మిగిలింది మామా. నీకు వీలు కాకపోతే చెప్పు, ఏం అనుకోను. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాను, లేదంటే ఒక పూట సెలవు అడిగి అనంతపురం పోయి చూపిస్తాను.

సుష్మ

బెంగళూరు,
21 జూలై 2024

పాపా,

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దు. అన్నీ డూప్లికేటు, నెల తిరగకముందే పొట్ట ఉబ్బుతాయి, ఇల్లు తగలబడినా అడిగే నాథుడుండడు. అనంతపురంలో కూడా ఎవరికీ ఇవ్వద్దు. నా చేతి పీసు ఇంకొకరు విప్పితే నాకు నామర్దా.

తప్పు నీ పాత ఛార్జరుది. కొత్తది పంపుతున్నాను. ఇది నా దగ్గరున్న వాటిలో మొదటి రకం, తీగ కూడా లావుది, మూడు పిన్నులది. నీ తర్వాత నీ పిల్లలు కూడా వాడుకోవచ్చు. ఇది పెట్టి నాలుగైదు రోజులు చూడు. కొన్ని బ్యాటరీలు ఆలస్యంగా అందుకుంటాయి.

అత్త నిన్ను అడిగానని రాయమంది. ఒంట్లో నాకంత బాగా లేదు, నిద్ర పట్టడం లేదు. వయసు.

మామ

తిప్పనపల్లె,
3 ఆగస్టు 2024

మామా,

ఛార్జరు బంగారంలా ఉంది. పిన్ను పెడితే ఊగదు. ఇంత మంచి తీగ నా జన్మలో చూడలేదు. నీకు ఒంట్లో బాగా లేకపోయినా నాకోసం వెతికి పంపావు. నీ రుణం తీర్చుకోలేను.

బ్యాటరీ మాత్రం అందుకోలేదు. నాలుగైదు రోజులన్నావు, పది రోజులు చూశాను. బుధవారం పదకొండున్నరకు కరెంటు పోయింది, పన్నెండున్నరకు వచ్చింది. మూడో గీత. మేడమ్ ఫోను చేసింది. ఆమె గొంతులో కూడా బాధ ఉంది. "నీ పనిలో ఒక్క తప్పు లేదమ్మా, కానీ నా చేతిలో ఏం లేదు" అంది. ఇంకో ఐదు వారాలు నిలబడి ఉంటే ఖాయమయ్యేది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది కూడా నా మీదే. పెట్టేటప్పుడు ఏదో పాడు చేసి ఉంటాను. ముందే అనంతపురం పోయి ఉండాల్సింది. ఆ మాట నీకు రాసి, మళ్లీ నువ్వు వద్దన్నావని ఆగాను. నిన్ను అనడం లేదు, నా బుద్ధిని అనుకుంటున్నాను.

ఆరోజు సాయంత్రం అమ్మ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. ఏం పండగ అని అడిగాను. బాధలో ఉన్నావు కదా తిను అంది. శ్రావణంలో తాంబూలాలు మార్చుకుంటే బాగుంటుందని కూడా అంది. ఉద్యోగం పోయి మూడు రోజులు కాలేదు మామా. నువ్వయినా ఒక మాట చెప్పు.

సుష్మ

బెంగళూరు,
11 ఆగస్టు 2024

పాపా సుష్మా,

బాధపడకు. రోజంతా తెర ముందు కూర్చుని కళ్లు పోగొట్టుకునే ఉద్యోగం ఉంటే ఎంత, పోతే ఎంత. ఆ కంపెనీవాళ్లు ఇవాళ ఉంటారు, రేపు ఉండరు. మనవాళ్లు అలా కాదు. నువ్వు ఈ ఇంటికి వస్తే అంగడి లెక్కలన్నీ నీ చేతికే ఇస్తాను. కోడలివి కాదు, ఈ ఇంటి యజమానివి అవుతావు.

మీ అమ్మ చెప్పిన మాట కాదనకు. ఆమె ఒంటరిది.

ఆ బ్యాటరీ ఇంకెవరికీ చూపించకు. బస్సులో నాకు పంపెయ్యి. బదులు కొత్తది ఇస్తాను.

మామ

తిప్పనపల్లె,
22 ఆగస్టు 2024

మామా,

ఉద్యోగం ఉన్నప్పుడు ఇవ్వని కొత్త బ్యాటరీ, పోయాక ఎందుకిస్తానన్నావో నాకు అర్థం కాలేదు. వారం ఆలోచించాను. తర్వాత దాన్ని తీసుకుని అనంతపురం పోయాను.

టవరు దగ్గర సందులో జయంతి అని ఒకామె రిపేరు అంగడి పెట్టింది. నలభై ఏళ్లుంటాయి, నీలాగే మాట తక్కువ. బ్యాటరీ అతుకు దగ్గర గోరుతో తడిమి, దీన్ని ఇంతకు ముందే విప్పినారు అంది. కొత్తదండీ, మా మామ పంపినాడు అన్నాను. విప్పి చూపించింది. లోపల సెల్లులన్నీ కొత్తవే, మంచివి. సన్న తీగ ఒకటి మాత్రం తెగి ఉంది. ఆ కొనకు ముక్కంత టేపు చుట్టి, పక్కకు మడిచి ఉంది.

ఎలక కొరికిందేమో అన్నాను. జయంతి నా మొహం చూసింది. "ఎలక టేపు సుట్టదు మ్మా. ఇది తెగింది కాదు, కత్తిరిచ్చినారు. బాగా పని తెలిసినోళ్లు" అంది.

ఆ తీగ అతికించడానికి ఆమెకు పది నిమిషాలు పట్టింది. ఇప్పుడు బ్యాటరీ నాలుగు గంటలు నిలబడుతోంది. నిన్న కరెంటు పోయినప్పుడు ఊరంతా చీకటైనా తెర వెలుగుతూనే ఉంది. చేయడానికి పని లేదు కాబట్టి ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాను.

మా మామ చేయి అలాంటిది కాదని నాకు నేను చెప్పుకున్నాను. అంగడిలో ఇంకెవరైనా చేశారేమో అనుకున్నాను. ఎంత తిప్పినా నీ దగ్గరికే వస్తోంది. నీ కొడుక్కు పిల్ల దొరకలేదని నా కాళ్లు విరిచావు. విరిచి, చేతికర్రలాగా మంచి ఛార్జరు పంపావు. దానికి నేను నీకు దండం పెట్టాను కూడా.

కాదని రాయి. నమ్మడానికి నేను ఇంకా సిద్ధంగానే ఉన్నాను.

సుష్మ

బెంగళూరు,
30 ఆగస్టు 2024

సుష్మకు,

కాదని రాయలేను.

మొదటి బ్యాటరీ నా పొరపాటు. అద్దాలు లేకుండా పక్క అరలోది తీశాను. రెండోది పొరపాటు కాదు.

నీకు నిజం తెలియాలి. ఆ తీగ నా అంతట నేను కత్తిరించలేదు. కన్ను కట్టు విప్పిన రోజు మీ అమ్మ అంగడికి వచ్చి, మిషను పెట్టుకోమంది. పెట్టుకున్నాను. ఉద్యోగం ఖాయమైతే సుష్మ ప్రణీత్‌ను కాదంటుంది, నాకు తెలుసు అంది. "అన్నా, నీకు ఇచ్చిన మాట పోతే నేను ఏ మొగంతో నీ గడప తొక్కేది? ఆ బ్యాటరీ పని చేయకుండా చేసి ఇయ్యి" అని నా చేతులు పట్టుకుంది. తప్పు అన్నాను. మీ నాయన పోయినప్పుడు కూడా మీ అమ్మ నన్ను ఏదీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే.

ఆమె అడిగిందని చేశాను. నా కొడుకు కోసం కూడా చేశాను, అది దాచను. విప్పి కత్తిరించేటప్పుడు ఆమె పక్కనే ఉంది. అలా పాడు చేసిన పీసు ఇరవై ఆరేళ్లలో అదొక్కటే. ఆ రోజు నుంచి బ్యాటరీ పని వస్తే పక్క అంగడికి పంపేస్తున్నాను. ఛార్జరు ఎందుకు పంపానో నాకే తెలియదు.

నన్ను తిట్టు. మీ అమ్మను ఏమీ అనకు. ఈ ఉత్తరం ఆమెకు చదవకు.

ఓబులేసు

తిప్పనపల్లె,
10 సెప్టెంబరు 2024

మామా,

చదివాను. నీ ఉత్తరాలన్నీ చదివినట్టే, అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క అక్షరం వదలకుండా చదివాను. ఈ ఇంట్లో నా వెనక ఒక పని జరిగింది చాలు, నేను ఇంకొకటి చేయలేను.

అమ్మ చివరిదాకా విన్నది. ఏడవలేదు, కాదనలేదు. ఎందుకు చేశావమ్మా అని అడిగాను.

"మీ నాయన పోయినంక మనల్ని నిలబెట్టినోడు మా అన్న. నీ చదువు ఆయప్పదే, నా కన్ను ఆయప్పదే. ఆయప్పకు తిరిగి ఇచ్చేకి నా దగ్గర నువ్వు తప్ప ఏముండాది?"

ఆ మాట అని లేచి చెనిక్కాయల గంప దగ్గరికి పోయింది. ఇన్నేళ్లు నేను ఆమె కూతుర్ని అనుకున్నాను. నా కోసం నువ్వు చేసినవన్నీ ప్రేమ అనుకున్నాను. మీరిద్దరూ నన్ను ప్రేమించలేదని అనను. ప్రేమిస్తూనే ఈ పని చేశారు, అదే నాకు మింగుడు పడడం లేదు.

మేడమ్‌కు మళ్లీ రాశాను. నా చోట్లో వేరే ఎవరినో తీసుకున్నారట. పోయిన వారం ఖాయం కావలసిన రోజు కూడా దాటిపోయింది. సోమందేపల్లె దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మనుషులు కావాలంటే పేరు ఇచ్చాను. రోజంతా నిలబడి మడతలు పెట్టే పని. అక్కడే హాస్టలు. సోమవారం పోతున్నాను. అమ్మ ఆపలేదు. మనియార్డరు పంపుతానని చెబితే తల ఊపింది.

ఇక అసలు సంగతి. మొన్న శనివారం ప్రణీత్ బావ వచ్చాడు. నీకు తెలియకుండా వచ్చాడు. నీ పెట్టెలో నా ఉత్తరాలు చూశాడట. గడప లోపలికి రాలేదు, అరుగు మీదే కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగాడు. తర్వాత చెప్పాడు. ఆయనకు నాలుగేళ్లుగా ఒక అమ్మాయంటే ఇష్టమట. పేరు కృపాకుమారి, నర్సుగా పని చేస్తుంది. మన కులం కాదు, చర్చికి పోయేవాళ్లు. అంగడిలో కూర్చోకుండా పోయేది ఆమెను డ్యూటీకి దింపి రావడానికట.

ఇన్నాళ్లు మీ నాయనకు ఎందుకు చెప్పలేదు బావా అన్నాను. "ఆయనకు ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాల. ఇది అంగడిలో అరిచే మాటనా?" అన్నాడు. నా తరఫున నువ్వే రాయి అన్నాడు. రాస్తున్నాను. వచ్చే నెల వాళ్లు రిజిస్టరు పెళ్లి చేసుకుంటారు. నువ్వు వస్తే సంతోషం అన్నాడు, రాకపోయినా ఆగదట.

పోతూ పోతూ నన్ను ఒకటి అడిగాడు. "నిన్ను ఎవరన్నా అడిగినారా సుష్మా, నేను ఇష్టమా అని?" లేదు బావా అన్నాను. "నన్నూ అడగల్యా" అన్నాడు. తర్వాత ఆయన బస్సుకు పోయాడు.

ఒక్కసారి అడిగి ఉంటే ఇద్దరం కాదని చెప్పేవాళ్లం మామా. నీకు ఆ తీగ కత్తిరించే పని ఉండేది కాదు.

సుష్మ